ఈ రాత నాదేనా?



ఈ నెలలో మీ అబ్బాయో అమ్మాయో ఒక చీటీ పట్టుకుని "నాన్నా, దీంట్లో అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు" అని మీ వెంటపడి ఉంటే, ఆ గోలకు కారణం మన మైలవరం బ్రాంచి కంప్యూటర్ ల్యాబ్. నేను అక్కడ ఎనిమిది, తొమ్మిది తరగతులకు పాఠాలు చెబుతాను. ఆ చీటీ వెనక ఉన్న కథేమిటో మీతో కూడా పంచుకుందామని ఇది రాస్తున్నాను. కంప్యూటర్లతో పరిచయం లేకపోయినా ఫరవాలేదు. తెలుగు చదవడం వస్తే చాలు.

ముందు ఆ చీటీలో ఉన్న వాక్యం చూడండి.

ఈ వాక్యంలో పదిహేను అక్షరాలు ఉన్నాయి.

లెక్కపెట్టండి. గుణింతం, ఒత్తు, సున్నా ఎన్ని తగిలినా కలిపి ఒక్క అక్షరమే. "ఈ" ఒకటి. "వాక్యంలో" మూడు. "పదిహేను" నాలుగు. "అక్షరాలు" నాలుగు. "ఉన్నాయి" మూడు. మొత్తం పదిహేను. వాక్యం తన గురించి తాను చెప్పుకుంది, చెప్పింది నిజం. ఇప్పుడు "పదిహేను" తీసేసి "పదహారు" పెట్టండి. అక్షరాలు అప్పుడూ పదిహేనే, కానీ వాక్యం అబద్ధమైపోతుంది. ఒక్క మాట మారేసరికి తనను తాను పోల్చుకోలేకపోయింది.

మామూలు వాక్యాలు ప్రపంచం గురించి చెబుతాయి. ఎండలు మండుతున్నాయి, ఫీజు గడువు దగ్గరపడింది, ఇలా. ఈ వాక్యం మాత్రం తన గురించి తానే చెప్పుకుంటోంది. పిల్లలకు ఇది పొడుపుకథలా నచ్చుతుంది. అక్కడి నుంచి వాళ్లను అసలు ప్రశ్నకు తీసుకెళ్లాను.

పిల్లలకిచ్చిన ప్రశ్న

ఒక ప్రోగ్రాం రాయాలి. దానికి మనం ఏదో ఒక రాత ఇస్తాం. అది పాఠం కావచ్చు, పాట కావచ్చు, ఇంకో ప్రోగ్రాం కావచ్చు. ఇచ్చిన రాత అచ్చంగా ఆ ప్రోగ్రాం సోర్సే అయితే అది "అవును" అనాలి. ఒక్క కామా తేడా ఉన్నా "కాదు" అనాలి. అంటే ప్రోగ్రాం తన రాతను తానే గుర్తుపట్టాలి. నీటిలో తన ముఖాన్నే చూసుకుని మురిసిపోయిన గ్రీకు కథలోని నార్సిసస్ పేరు మీద ఇలాంటివాటిని ప్రోగ్రామర్లు సరదాగా నార్సిసిస్ట్ ప్రోగ్రాంలు అంటారు.

మొదట వచ్చిన జవాబు అందరికీ తట్టేదే. ప్రోగ్రాం కంప్యూటర్లో ఒక ఫైలుగా ఉంటుంది కాబట్టి, ఆ ఫైలు తెరిచి, ఇచ్చిన రాతతో పోలిస్తే సరి. పని జరుగుతుంది. కానీ ఆట నియమాల్లో దాన్ని ఒప్పుకోరు, మేమూ ఒప్పుకోలేదు. పుస్తకం ముందు పెట్టుకుని పరీక్ష రాయడం లాంటిదది. ఫైలు పక్కనుంటేనే తనెవరో తెలిసే ప్రోగ్రాంకి, ఆ ఫైలు చెరిపేస్తే ఏమీ తెలియదు.

రెండో జవాబు ఇంకొంచెం తెలివైనది. ప్రోగ్రాంలోనే దాని నకలు ఒకటి దాచిపెడదాం, దాంతో పోలుద్దాం అన్నారు. బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. నకలు లోపల పెట్టగానే ప్రోగ్రాం పెద్దదైంది. ఇప్పుడు పాత నకలు సరిపోదు, కొత్త నకలు కావాలి. అది పెట్టగానే మళ్లీ పెద్దదైంది. సెలూన్లో ఎదురెదురుగా అద్దాలుంటే మన ముఖం లోపల్లోపలికి వెళ్లిపోతూ కనిపిస్తుందే, అలా అన్నమాట. బోర్డు అయిపోయింది కానీ లెక్క తేలలేదు.

ఒక పాప లేచి, "అయితే ఇది కుదరదు సార్" అంది. కుదురుతుంది. ఎలాగో చెప్పడానికి నేను కంప్యూటర్ వదిలి తోటలోకి వెళ్లాల్సి వచ్చింది.

టెంకా, అంటూ

మనది మామిడి సీమ. ఇక్కడి నుంచి నూజివీడు దాకా ఏ దారిన పోయినా తోటలే. మీలో చాలామందికి సొంత తోటలో, కౌలు తోటలో ఉండే ఉంటాయి. కాబట్టి మీకు తెలిసిన విషయమే చెబుతున్నాను. చిన్నరసం పండు తిని టెంక పాతితే చెట్టు వస్తుంది గానీ, దానికి అదే చిన్నరసం కాస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తల్లి చెట్టు పూతకు ఏ చెట్టు పుప్పొడి తగిలిందో ఎవరికి తెలుసు? అందుకే బంగినపల్లి కావాలంటే బంగినపల్లి చెట్టు నుంచి కొమ్మ తెచ్చి అంటు కడతాం. అంటు మొక్కకు తల్లి గుణం యథాతథంగా వస్తుంది.

అంటు కట్టాలంటే తల్లి చెట్టు ఎదురుగా ఉండాలి. ఫైలు తెరిచి చూసుకునే ప్రోగ్రాం లాంటిదది. టెంక అలా కాదు. దాన్ని జేబులో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. చెట్టెలా కట్టుకోవాలో చెప్పే రాత మొత్తం దానిలోనే ఉంది. అయితే ఆ టెంకలో బుల్లి మామిడిచెట్టేమీ లేదు. బుల్లి చెట్టు, దాని బుల్లి కాయలు, ఆ కాయల్లో ఇంకా బుల్లి టెంకలు అంటూ పోతే బోర్డు మీద పిల్లలు పడ్డ చిక్కే టెంకకూ వచ్చేది. అందులో ఉన్నది చెట్టు కాదు, చెట్టు తయారుచేసే పద్ధతి.

జీవకణం ఆ రాతను రెండు విధాలుగా వాడుకుంటుంది. ఒకసారి దాన్ని చదివి, అందులో చెప్పినట్టు పనిచేస్తుంది. ఇంకోసారి, అర్థంతో పని లేకుండా, అక్షరం పోకుండా నకలు తీసి కొత్త కణానికి ఇస్తుంది. ఒకే రాత, ఒకసారి ఆజ్ఞగా, ఒకసారి ఉత్త అక్షరాలుగా. చిక్కు విడిపోయేది ఇక్కడే.

ఆశ్చర్యమేమిటంటే, జీవశాస్త్రం ఈ సంగతి తేల్చకముందే ఒక గణితవేత్త ఊహించాడు. జాన్ వాన్ నాయ్‌మన్ 1948లో కాలిఫోర్నియాలో జరిగిన హిక్సన్ సదస్సులో, తనలాంటి యంత్రాన్ని తానే తయారుచేసుకునే యంత్రం ఎలా ఉండాలో వివరించాడు. ఆ యంత్రంలో తన వర్ణన ఒకటి ఉండాలి, దాన్ని ఒకసారి పాటించాలి, ఒకసారి నకలు తీయాలి అన్నాడు. డీఎన్‌ఏ నిర్మాణం బయటపడింది ఆ తర్వాత 1953లో.

మీ ఇంట్లో ఆడగల ఆట

ఇప్పుడు ఆ పద్ధతిని తెలుగులో పెడదాం. కంప్యూటర్ అక్కర్లేదు, ఒక కాగితం చాలు. ఇదిగో మొదటి కార్డు.

పక్కన ఉన్న మాటలను ముందు విడిగా, వెంటనే కొటేషన్లలో మరోసారి రాయి: "పక్కన ఉన్న మాటలను ముందు విడిగా, వెంటనే కొటేషన్లలో మరోసారి రాయి:"

కార్డు చెప్పినట్టు చేయమని పిల్లలను అడగండి. కొటేషన్లలోని మాటలను మొదట విడిగా రాస్తారు. తర్వాత అవే మాటలను కొటేషన్లలో పెట్టి రాస్తారు. రాయడం పూర్తయ్యాక చూస్తే కాగితం మీద ఉన్నది ఆ కార్డే. మొదటి సగం ఆజ్ఞ. రెండో సగం అదే ఆజ్ఞ, కాకపోతే ఉత్త అక్షరాలుగా. తనను తాను అచ్చువేసుకునే ఇలాంటి ప్రోగ్రాంని క్వైన్ అంటారు. డగ్లస్ హాఫ్‌స్టాటర్ అనే రచయిత 1979లో, హార్వర్డ్ తత్వవేత్త విల్లర్డ్ క్వైన్ పేరు మీద ఆ పేరు పెట్టాడు.

రెండో కార్డు మనం అడిగిన ప్రశ్నకు జవాబు.

పక్కన ఉన్న మాటలను ముందు విడిగా, వెంటనే కొటేషన్లలో మరోసారి రాయి, రాసింది చేతికిచ్చిన చీటీతో అక్షరం తేడా లేకుండా సరిపోతే అవును అను, లేకపోతే కాదు అను: "పక్కన ఉన్న మాటలను ముందు విడిగా, వెంటనే కొటేషన్లలో మరోసారి రాయి, రాసింది చేతికిచ్చిన చీటీతో అక్షరం తేడా లేకుండా సరిపోతే అవును అను, లేకపోతే కాదు అను:"

ఈ కార్డు చేతిలో ఉన్న పిల్లవాడికి మీరు కిరాణా చీటీ ఇవ్వండి, "కాదు" అంటాడు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ చూపండి, "కాదు" అంటాడు. ఆ కార్డునే పొల్లు పోకుండా రాసి ఇస్తే మాత్రం "అవును" అంటాడు. తన రాతను తానే గుర్తుపట్టే ప్రోగ్రాం ఇదే. ఏ ఫైలూ తెరవలేదు, అద్దంలో అద్దమూ లేదు.

ఆట ఆడుతుంటే మా క్లాసులో ఒక అబ్బాయికి "అను" అనడం మర్యాదగా లేదనిపించింది. కార్డు మొదటి సగంలో "అను" అన్నచోటల్లా "అనండి" అని దిద్దాడు. కొటేషన్ల లోపల దిద్దలేదు. ఆ తర్వాత కార్డుకు తన నకలే చూపిస్తే "కాదు" అంది! పాత కార్డు నకలు చూపిస్తే "అవును" అంది. ఎందుకో క్లాసంతా కాసేపు ఆలోచించారు. లోపల దాచుకున్న రాత పాతదే కాబట్టి, అది తయారుచేసి పోల్చుకునేది పాత కార్డునే. పైపైన దిద్దితే చాలదు, లోపలి రాత కూడా మారాలి. ఆ మాట చెప్పింది నేను కాదు, దిద్దిన అబ్బాయే.

గుర్తుపట్టడం ప్రమాదమయ్యేది ఎప్పుడు

ఇదంతా ఆటేనా, దీనివల్ల పనేమిటి అని మీరు అడగొచ్చు. ఫీజు కడుతున్నవారు అడగాల్సిన ప్రశ్నే.

గణితంలో దీని వేళ్లు లోతుగా ఉన్నాయి. కుర్ట్ గోడెల్ 1931లో తన గురించి తాను చెప్పుకునే గణిత వాక్యాన్ని నిర్మించి, లెక్కల నియమాలతో నిరూపించలేని నిజాలు కూడా ఉంటాయని చూపించాడు. ఏ ప్రోగ్రాం అయినా తన సోర్సును తాను పొందేలా రాయవచ్చని స్టీఫెన్ క్లీనీ సిద్ధాంతం 1938లో తేల్చింది. అంటే మన కార్డు ఒక్క తెలుగులోనే కుదిరిన చమత్కారం కాదు. ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా కుదురుతుంది.

కానీ తల్లిదండ్రులుగా మీరు తెలుసుకోవాల్సింది 1984 నాటి కథ. యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేసిన కెన్ థాంప్సన్‌కు, డెనిస్ రిచీకి 1983 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో అంతకు మించిన పురస్కారం లేదు. అవార్డు ప్రసంగంలో థాంప్సన్, కాలేజీ రోజుల్లో సరదాగా ఆడుకున్న ఆటతోనే మొదలుపెట్టాడు. తనను తాను అచ్చువేసుకునే అతి చిన్న ప్రోగ్రాం ఎవరు రాస్తారు అన్నదే ఆ ఆట. నవ్వుతూ మొదలైన ప్రసంగం చివరికి వినేవాళ్లకు చెమటలు పట్టించేలా ముగిసింది.

మనుషులు రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే ప్రోగ్రాంని కంపైలర్ అంటారు. థాంప్సన్ ఇలా చెప్పాడు. నేను కంపైలర్‌కు రెండు గుర్తింపులు నేర్పుతాను. ఒకటి, పాస్‌వర్డ్ అడిగే లాగిన్ ప్రోగ్రాం వచ్చినప్పుడు గుర్తుపట్టి, అందులో నాకొక దొంగదారి పెట్టాలి. రెండు, కంపైలర్ సోర్సే వచ్చినప్పుడు, అంటే తన రాత తనకే ఎదురైనప్పుడు, గుర్తుపట్టి ఈ రెండు గుర్తింపులనూ కొత్త కంపైలర్‌లో పెట్టాలి. ఇక ఆ తర్వాత సోర్సులోంచి ఈ దొంగ వరుసలు తీసేయొచ్చు. ఎవరు ఎన్నిసార్లు చదివినా సోర్సు ముత్యంలా శుభ్రంగా ఉంటుంది. ఆ సోర్సుతో కొత్త కంపైలర్ తయారుచేసిన ప్రతిసారీ దొంగదారి తనంతట తాను వచ్చి చేరుతుంది.

మన రెండో కార్డు చేసిన పనికీ దీనికీ తేడా చిన్నదే. "నా రాతే" అని గుర్తుపట్టాక మన కార్డు "అవును" అని ఊరుకుంది. ఆయన కంపైలర్ గుర్తుపట్టి, ఎవరూ చూడకుండా పని చక్కబెట్టుకుంది. మన చేతులతో పూర్తిగా మనం రాయని ప్రోగ్రాంని, ఎంత పరిశీలించినా, పూర్తిగా నమ్మలేం అన్నది ఆయన చెప్పిన నీతి. దీనికి విరుగుడు కూడా ఆ తర్వాత వచ్చింది. డేవిడ్ వీలర్ అనే పరిశోధకుడు 2005లో ఒక మార్గం చూపించాడు. సంబంధం లేని రెండో కంపైలర్‌తో కూడా అదే సోర్సును తయారుచేయించి, చివరకు వచ్చిన ఫలితాలు పోల్చి చూడాలి. పొలం సరిహద్దు మీద అనుమానం వస్తే ఇంకో సర్వేయర్‌తో కొలిపించినట్టు.

ఇంట్లో మనకు పనికొచ్చే మాట ఒకటే. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి, ప్లేస్టోర్ బయటి నుంచి యాప్ వేసుకోకండి. స్కూలు లోగో ఉన్నా, బ్యాంకు పేరున్నా వేసుకోకండి. పైకి కనిపించే ముఖం ఒకటి, లోపల నడిచే రాత ఇంకొకటి కావచ్చు. పిల్లలకు ఈ సంగతి ఇప్పుడు బాగా తెలుసు. మీ ఫోను ఒకసారి వాళ్ల చేతికిచ్చి చూడమనండి.

పేర్లు లేని ప్రింటవుట్లు

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఆటలన్నీ అయ్యాక ల్యాబ్‌లో ఒక పరీక్ష పెట్టాను. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాల క్రితం రాసి ఇచ్చిన ప్రోగ్రాంలు, ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని చెప్పేవి, పేర్లు తీసేసి ప్రింటు తీశాను. బల్ల మీద పరిచాను. "ఎవరిది వాళ్లు తీసుకోండి" అన్నాను. మార్కులు లేవు, టైమూ లేదు.

చాలామంది వచ్చి చటుక్కున తీసుకున్నారు. ఒకమ్మాయి తన వేరియబుళ్లకు రసం, పునాస అని మామిడి పేర్లు పెట్టుకుంది. ఒకబ్బాయి అవసరం లేకపోయినా ప్రతి వరుస తర్వాత ఒక ఖాళీ వరుస వదిలే రకం. వాళ్ల రాత వాళ్లకు దూరం నుంచే తెలిసిపోయింది. కొందరు మాత్రం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నాలుగైదు కాగితాలు ఎత్తి చూసి పెట్టేస్తున్నారు. అవి ఫోన్లో ఏఐ రాసిపెట్టినవి. నీటుగా ఉన్నాయి, పనిచేస్తాయి, వాటికి అప్పట్లో మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ అవి ఎవరివో వాటిని ఇచ్చినవాళ్లకే తెలియలేదు.

చివరికి ఒక కాగితం దగ్గర ఇద్దరు నిలబడ్డారు. నిజానికి అక్కడ అక్షరం తేడా లేని రెండు కాగితాలున్నాయి. ఇద్దరూ "నాదే సార్" అన్నారు. ఒకరు రాశారు, ఇంకొకరు కాపీ కొట్టారు. ఎవరు ఏది? మన రెండో కార్డు ఇక్కడ పనికిరాదు. దానికి రెండూ "అవును"లే. అక్షరాలు పోల్చడంతో రాసినవారెవరో తేలదు.

అందుకని ఇద్దరినీ ఒక ప్రశ్న అడిగాను. "మీ ప్రోగ్రాం 1ని కూడా ప్రధాన సంఖ్య అంటోంది. ఎక్కడ మార్చాలి?" ఒకరు వెంటనే వేలు పెట్టి ఒక వరుస చూపించారు. ఇంకొకరు కాగితం వైపు చూస్తూ ఉండిపోయారు. నేను ఏమీ అనలేదు, తోటి పిల్లలూ నవ్వలేదు. మూడు రోజుల తర్వాత ఆ పిల్లవాడే తనంతట తాను రాసుకొచ్చిన కొత్త ప్రోగ్రాం చూపించాడు. కొంచెం వంకరగా ఉంది. మొదటిదానికంటే నెమ్మదిగా నడుస్తుంది. కానీ ఏ వరుస ఎందుకుందో అడిగితే, అడగని వరుస గురించి కూడా చెప్పాడు. పాత కాగితానికి వచ్చిన మార్కుల కంటే దీనికి రెండు ఎక్కువ వేశాను.

పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు. "సార్, మావాడి ప్రోగ్రాం పనిచేసింది కదా, మార్కులెందుకు తగ్గాయి?" ఆయన ప్రశ్నలో న్యాయముంది. ఈ వ్యాసం ఒక రకంగా ఆయనకిచ్చే జవాబే. పనిచేయడం ప్రోగ్రాం గుణం. ఎందుకు పనిచేస్తోందో చెప్పగలగడం పిల్లవాడి గుణం. మేం మార్కులు వేయాల్సింది రెండోదానికి.

అక్షరం వేరు, అర్థం వేరు

ఇంకో తల్లి ఇంకో రకంగా అడిగారు. "మా పాప సొంత మాటల్లో రాస్తే మార్కులు తగ్గుతున్నాయి, పుస్తకంలో ఉన్నట్టు దించితే ఫుల్ మార్కులు. మరి దేన్ని నేర్పమంటారు?" ఇది ఒక్క కంప్యూటర్ పాఠానికి సంబంధించిన ప్రశ్న కాదు. తప్పించుకోకుండా చెప్పాలి.

తన రాతను అక్షరాలా గుర్తుపట్టే ప్రోగ్రాం సాధ్యమని పైన చూశాం. ఒక అడుగు ముందుకు వేసి, "నా రాత కాకపోయినా, నేను చేసే పనే చేసే ప్రోగ్రాంలన్నిటినీ గుర్తుపట్టాలి" అంటే? అది అసాధ్యం. ఇంకా కనిపెట్టలేదని కాదు, ఎప్పటికీ కుదరదని నిరూపణ ఉంది. హెన్రీ గోర్డన్ రైస్ 1953లో ప్రచురించిన సిద్ధాంతం సారాంశం ఇది. ఒక ప్రోగ్రాం ఏం చేస్తుందో, దాని ప్రవర్తన ఎలాంటిదో అన్ని సందర్భాల్లోనూ తప్పకుండా తేల్చి చెప్పగల ప్రోగ్రాం ఏదీ ఉండదు. కొన్నిటి విషయంలో చెప్పవచ్చు. అన్నిటి విషయంలో చెప్పలేం. అక్షరాలను పోల్చడం యంత్రానికి చిటికెలో పని. అర్థాన్ని పోల్చడానికి సూత్రం లేదు.

కీ పక్కన పెట్టుకుని, పుస్తకంలోని మాట కనిపిస్తే టిక్కు పెట్టి, కనిపించకపోతే కొట్టేస్తూ పోతే, ఆ దిద్దడం మన రెండో కార్డు చేసే పనే. దానికి టీచర్ అక్కర్లేదు. పాప సొంత మాటల్లో రాసిన జవాబు కూర్చుని చదవడానికే టీచర్ ఉన్నారు. కాబట్టి ఆ తల్లికి నేను చెప్పింది ఇది. సొంత మాటల్లో రాయడం మాన్పించకండి. జవాబు సరైనదై ఉండీ మార్కులు పోతే ఆ పేపరు పట్టుకుని మా దగ్గరికి రండి, పక్కన కూర్చుని చదువుదాం. అది ఫిర్యాదు అనుకోం.

మనవాళ్లలో ఒకరు ఈ రెండో రకం గుర్తింపు మీద పనిచేశారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు, మాటను గుర్తుపట్టడం యంత్రానికి నేర్పే పరిశోధనకు మొదటి తరంలో దారి వేసినవారు. ఒకే మనిషి ఒకే మాటను రెండుసార్లు అన్నా రెండూ ఒకేలా ఉండవు. గొంతు మారుతుంది, వేగం మారుతుంది, జలుబు చేస్తే ముక్కు మారుతుంది. అక్షరం తేడా లేకుండా సరిపోవాలంటే ఏ మాటా ఎప్పటికీ సరిపోదు. తేడాల మధ్య కూడా "ఇది ఆ మాటే" అనగలగాలి. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయనకూ ట్యూరింగ్ అవార్డు వచ్చింది. థాంప్సన్ అందుకున్న అవార్డే. ఆసియా సంతతివారిలో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి మన తెలుగాయన. 2008లో మొదలై నూజివీడులోనూ క్యాంపస్ ఉన్న ఆర్జీయూకేటీకి మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే. "ట్రిపుల్ ఐటీలో సీటొస్తే చాలు సార్" అని మీటింగులో నాతో అనే మీలో చాలామందికి ఈ సంగతి తెలిసి ఉండదని చెబుతున్నాను.

ఇంట్లో మీరు చేయగలిగింది

పిల్లలు ప్రోగ్రాం చూపించినా, లెక్క చూపించినా, తెలుగు వ్యాసం చూపించినా, మొదట "ఎన్ని మార్కులు" అని కాకుండా రెండు ప్రశ్నలు అడగండి. "ఇందులో ఏ వరుస రాయడానికి ఎక్కువ కష్టపడ్డావు?" "ఇక్కడ ఇది మారిస్తే ఏమవుతుంది?" మీకు సబ్జెక్టు రానక్కర్లేదు. జవాబు సరైనదా కాదా అని మీరు తేల్చనూ అక్కర్లేదు. సొంతంగా చేసినవాళ్లు ఈ ప్రశ్నలకు ఉత్సాహంగా చెబుతారు, ఆపమన్నా ఆపరు. దించినవాళ్లు నసుగుతారు. నసిగితే కోప్పడకండి. "పోనీ, రేపు నువ్వే చేసి చూపించు" అనండి. మా క్లాసు అబ్బాయికి మూడు రోజులు పట్టింది. మీ పిల్లలకు వారం పట్టినా మంచిదే.

ఏఐని పూర్తిగా బంద్ చేయమని నేను చెప్పను, చెప్పినా ఆగదు. అది రాసిచ్చినదాన్ని వరుస వరుసా చదివి, ఎందుకలా ఉందో తెలుసుకుని, పక్కన పెట్టి, మళ్లీ తామే రాయాలి అన్నది మా ల్యాబ్ నియమం. ఇంట్లో కూడా అదే పాటిస్తే మాకు సగం పని తగ్గుతుంది.

ఇంకొక్క మాట, తోటలవాళ్లకు బాగా అర్థమయ్యేది. మనం పిల్లలను అంటు మొక్కల్లా పెంచాలనుకుంటాం. మన గుణమే, మనం అనుకున్న కాపే రావాలనుకుంటాం. కానీ వాళ్లు టెంక మొక్కలు. ఇద్దరి రాతలు కలిసి, ఎవరి నకలూ కాకుండా వచ్చినవాళ్లు. మనం ఈ రోజు అంటు కట్టి కాపాడుకుంటున్న మామిడి రకాలు కూడా, ఎప్పుడో ఎక్కడో టెంక నుంచి మొలిచిన చెట్టు కాయను ఎవరో రుచి చూసి, బాగుందని నిలుపుకుంటేనే మనదాకా వచ్చాయి.

చివరగా ఈ నెల పజిల్. కింది వాక్యంలో ఖాళీని ఒక సంఖ్యతో, అంకెల్లో కాకుండా అక్షరాల్లో, నింపండి. వాక్యం నిజం కావాలి.

ఈ వాక్యంలో ........ అక్షరాలున్నాయి.

పైన చూసిన వాక్యం లాంటిదే, కానీ చివరి రెండు మాటలూ కలిసిపోయాయి కాబట్టి పదిహేను పనికిరాదు. జవాబు ఒక్కటే ఉంది. మీరూ పిల్లలూ కలిసి చేసి, ఎలా కనుక్కున్నారో రెండు వాక్యాల్లో రాసి డైరీలో పంపండి. జవాబు ఎవరిదైనా ఫరవాలేదు. ఎలా వచ్చిందో చెప్పే ఆ రెండు వాక్యాలు మాత్రం పిల్లల సొంత రాతలో ఉండాలి.